వాడరేవు బెంచీల తుప్పు కేసు

ఆ రోజుల్లో అనుమానించడమే తెలివితేటలనుకునేదాన్ని. ఎదుటి మనిషి నవ్వితే ఎందుకు నవ్వాడా అని, నవ్వకపోతే ఏం దాస్తున్నాడా అని ఆలోచించేదాన్ని. పుట్టుకతో వచ్చిన గుణం కాదది. మా ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరూ లేరు. మా నాన్న గుంటూర్లో పరుపులు కుట్టేవాడు. కొనేవాళ్ళు "ఎన్నాళ్ళు వస్తుందండీ?" అని అడిగితే "నిద్ర పట్టినన్నాళ్ళూ" అనేవాడు. వాళ్ళూ ఆ మాట చాలన్నట్టు పరుపు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నాకు ఆ జబ్బు ఉద్యోగంతోపాటు అంటుకుంది. డిగ్రీ అయిన కొత్తలో ఊరి శివార్లలో పార్కు బెంచీలు తయారుచేసే ఒక కంపెనీలో చేరాను. కంపెనీ అంటే పెద్ద రేకుల షెడ్డు, లోపల వెల్డింగు మెరుపులు, ఒక మూల రంగు వేసి కాల్చే బట్టీ, ఇంకో మూల అద్దాల గదిలో మేము. మా వెనకే మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉండేది. గాలి అటునుంచి వీచిన రోజు ఆఫీసంతా తుమ్ములే. బెంచీలు చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు కళ్ళు తుడుచుకుంటుంటే మావాళ్ళు "చూశారా, మా సరుకు చూస్తే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి" అని గర్వపడేవాళ్ళు.

నా హోదా వారంటీ ఎగ్జిక్యూటివ్. మా పైఆయన్ని అందరూ చాటుగా 'క్లాజుగారు' అనేవాళ్ళు. మా వారంటీ కాగితానికి ముందువైపు వేలెడంత అక్షరాలతో 'ఐదేళ్ళు తుప్పు పట్టదు' అని ఉండేది. వెనకవైపు చీమలబారు లాంటి అక్షరాలతో, ఏయే కారణాల వల్ల పడితే మాకు సంబంధం లేదో ఉండేది. ఆ వెనకవైపంతా క్లాజుగారి సొంత రచన. మిగతావాళ్ళు మనవల ముద్దుమాటలు చెప్పుకుని మురిసిపోయినట్టు ఆయన క్లాజులు చెప్పుకుని మురిసిపోయేవారు. ఇస్త్రీ నలగని తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, జేబులో చిన్న భూతద్దం. చేరిన రోజునే నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పారు.

"చూడమ్మా, తుప్పు దానంతటది పట్టదు. ఎవరో పట్టిస్తారు. ఆ ఎవరో ఎవరన్నది కనిపెట్టడమే నీ ఉద్యోగం."

నేను దాన్ని మంత్రోపదేశంలా పుచ్చుకున్నాను. గుడి ముందు బెంచీ తుప్పు పట్టిందంటే కొబ్బరినీళ్ళు ఒలికాయని తేల్చాం. కాలేజీ బెంచీ తుప్పు పట్టిందంటే ఎవరో ప్రేమికులు తాళంచెవితో పేర్లు గీకారని తేల్చాం. ("ప్రేమ మన క్లాజుల్లో లేదమ్మా, గీతలు మాత్రం ఉన్నాయి" అన్నారు ఆయన.) ఒక పార్కు బెంచీ కాలు పాడైతే వీధికుక్క కాలెత్తిందని రుజువు చేయడానికి కెమెరా ఫోను పట్టుకుని ఆ కుక్క వెనక ఒక పూటంతా తిరిగాను. చివరికి అది నన్ను అనుమానించి మీదికొచ్చింది. ఇంటికొచ్చినా చూపు మారేది కాదు. పాలు పోసే ఆయన చెయ్యి వంక, తమ్ముడి జేబు వంక, పొయ్యి మీద గిన్నె వంక గుచ్చిగుచ్చి చూస్తుంటే మా అమ్మ విసుక్కునేది: "నువ్వట్టా చూస్తా కూర్చుంటే కూర కూడా ఉడకనంటోంది, అవతలికి పో!"

అలాంటి సమయంలో వాడరేవు నుంచి ఫిర్యాదు వచ్చింది. చీరాల పక్కన సముద్రపుటొడ్డు. అక్కడ పడవలవాళ్ళూ చేపలవాళ్ళూ తలాకొంత వేసుకుని, ఆదివారాలు వచ్చే జనం కూర్చుంటారని, మిగతా రోజులు తామే కూర్చోవచ్చని మా బెంచీలు కొని ఇసుక ఒడ్డున వరసగా వేయించారు. ఆ కమిటీకి పెద్ద ఒక రిటైరైన లెక్కల మాస్టారు. ఏడాది తిరక్కుండానే బెంచీలు ఎర్రగా పొక్కులు తేలాయని, ఒకటి కాలు విరిగి ఒరిగిపోయిందని ఆయన వాట్సాప్‌లో ఫోటోలు పంపుతూనే ఉన్నారు. అన్నీ మార్చివ్వాలంటే మా కంపెనీకి మామూలు దెబ్బ కాదు. మార్చకపోతే ఆ ఊరివాళ్ళు పొదుపు చేసి కొనుక్కున్నది గంగలో పోసినట్టే. క్లాజుగారు ఫోటోల్ని భూతద్దంతో చూశారు. తర్వాత ఆ ఫోనులోంచే వాసన వస్తున్నట్టు ముక్కు ఎగబీల్చారు.

"చేపలు," అన్నారు.

"ఎక్కడ సార్?"

"ఫోటోలో లేవమ్మా. అదే అనుమానం. వాడరేవులో ఫోటో తీస్తే చేప పడకుండా ఎట్లా ఉంటుంది? తీసేసి ఫోటో తీశారు. బెంచీల మీద ఉప్పుచేపలు ఆరబెడుతున్నారు. నువ్వు వెళ్ళు. నువ్వెవరన్నది చెప్పకు. బెంచీ, చేప ఒకే ఫోటోలో పడాలి. ఒక్కటి చాలు."

నాకు ఒళ్ళు పులకరించింది. వేటపాలెంలో మా చిన్నమ్మ ఉంది, జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేది. రాత్రిళ్ళు వాళ్ళింట్లో ఉండి పగలు వాడరేవులో కాపలా కాయాలని పథకం. సంచితో దిగేసరికి చిన్నమ్మ జీడిగింజల జిగురుతో నల్లబడ్డ చేతులు కడుక్కుంటూ నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"ఆఫీసు పనా? సముద్రం కాడ ఏం ఆఫీసే?"

"బయటికి చెప్పకూడదు చిన్నమ్మా."

ఆవిడ వెంటనే మా అమ్మకు ఫోన్ చేసి పక్కింటికి కూడా వినపడేలా గుసగుసలాడింది.

మర్నాడు పొద్దున్నే మీగడరంగు చుడీదార్ వేసుకుని, గొడుగు పట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వాడరేవులో దిగాను. (ఎవరి కంటా పడకూడదని ఇలా తయారయ్యాను.) మామూలు రోజు. సందర్శకులు లేరు. ఒడ్డున పడవలు, వలలు బాగుచేసుకునే మగవాళ్ళు, ఇసుక మీద పరిచిన పాత వలల్లో వెండిలా మెరుస్తూ ఆరుతున్న చేపలు. వాటి పక్కనే మా బెంచీలు. ఆకుపచ్చ రంగు మీద ఎర్రటి మచ్చలు, అతుకుల దగ్గర పొట్టు లేచిన ఇనుము. నాకు వాటిమీద జాలి కలగలేదు. హత్య జరిగిన చోటికి వచ్చిన ఇన్‌స్పెక్టరులా అటూ ఇటూ చూసి, అన్నిటికన్నా గట్టిగా కనబడ్డ బెంచీ మీద కూర్చున్నాను. ఫోను ఒళ్ళో పెట్టుకుని, కెమెరా తెరిచి, సముద్రం చూస్తున్నట్టు నటిస్తూ చేపలవైపు ఓరచూపు సారించాను.

చేపలు తిరగేస్తున్న ఒకావిడ కాసేపటికి నడుం మీద చెయ్యి వేసుకుని నా దగ్గరికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నోట్లో కిళ్ళీ, ముక్కుకు రెండువైపులా ముక్కుపుడకలు. అందరూ అత్తా అత్తా అంటున్నారు కాబట్టి నాకూ ఆవిడ చేపలత్తే అయింది.

"ఏ ఊరమ్మా?"

"గుంటూరు."

"ఒక్కదానివే వచ్చావా?"

"ఊఁ."

"ఎందుకొచ్చావు?"

"గాలి కోసం."

"గుంటూర్లో గాల్లేదా?"

"ఉంది. మిరపకాయల ఘాటు."

ఆవిడ నా మొహంలోకి పరీక్షగా చూసింది. నిజానికి ఆ రోజు ఎండకీ ఉప్పుగాలికీ నా కళ్ళు మండి అద్దాల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఘాటు ఇక్కడిదాకా వచ్చిందా?" అని మెల్లిగా అడిగి, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. వెళ్ళి మిగతా ఆడవాళ్ళతో ఏదో చెప్పింది. అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు. 'దొరికారు,' అనుకున్నాను. 'కబురు పాకించేస్తున్నారు. ఇక చేపల్ని బెంచీల దరిదాపులకు రానివ్వరు.'

ఆ తర్వాత జరిగిందంతా నా అనుమానాన్ని బలపరిచేదే. నేను లేచి ఇంకో బెంచీ దగ్గరికి వెళితే ఇద్దరు ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని నా వెనకే నడిచేవాళ్ళు. నేను ఆగితే ఆగేవాళ్ళు. చెప్పులు విప్పి కాళ్ళు తడుపుకుందామని నీళ్ళవైపు వెళితే నలుగురు వచ్చి నాకూ సముద్రానికీ మధ్య నిలబడి "ఇక్కడ లోతమ్మా, అవతలికి రా" అనేవాళ్ళు. అక్కడ మోకాలిలోతు కూడా లేదు. మధ్యాహ్నం చేపలత్త ఒక గిన్నెలో అన్నం, చేపల పులుసు తెచ్చి నా పక్కన పెట్టింది. "తిను. కడుపు నిండితే సగం బాధ పోద్ది" అంది. లంచం అనుకున్నాను. (పులుసు మాత్రం అమోఘం. విచారణకు భంగం కలగకుండా మొత్తం తిన్నాను.)

సాయంత్రం కమిటీ మాస్టారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చేతికర్రతో. మెడలో పిల్లలకు ఆటలు ఆడించే ఈల ఒకటి వేలాడుతోంది. సముద్రంలో లోపలికి వెళ్ళే కుర్రాళ్ళని ఈల వేసి వెనక్కి పిలవడం ఆయన రోజువారీ పనని తర్వాత తెలిసింది. నా బెంచీ అవతలి చివర కూర్చుని, చాలా మెత్తగా మొదలుపెట్టారు.

"అమ్మాయ్, లోపల ఏదో ఉంది. నాకు తెలుసు."

గతుక్కుమన్నాను. నన్ను పసిగట్టాడు. అయినా బింకంగా అన్నాను: "ఉంటే ఉండొచ్చు. అదేమిటో తేలకుండా ఇక్కణ్ణుంచి కదలను."

ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "తొందరపడి తేల్చుకోకూడదమ్మా. కొన్నాళ్ళు ఆగి చూస్తే అదే తగ్గుతుంది."

"అది తగ్గేది కాదండీ. రోజురోజుకీ పెరిగేదే. చివరికి విరిగిపోతుంది."

"విరిగినా అతుకుతుంది!"

"అతుకుల దగ్గరే మొదలవుతుందండీ అసలు సమస్య."

మాస్టారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. కొంచెం తేరుకుని, తన దగ్గర చదివిన ఒక కుర్రాడు లెక్కల్లో మూడుసార్లు తప్పి ఇప్పుడు ఎంత బాగా బతుకుతున్నాడో చెప్పారు. నాకు అర్థం కాలేదు. బెంచీలకూ ఆ కుర్రాడికీ సంబంధం ఏమిటి? వెల్డింగు పని నేర్చుకున్నాడేమో, మా బెంచీల్ని విప్పి లోపలి సరుకు మార్చింది వాడేనేమో అని ఒక కొత్త అనుమానం పుట్టింది. చీకటి పడకముందే ఇద్దరు ఆడవాళ్ళు నన్ను ఆటో ఎక్కించారు. ఎక్కించి ఊరుకోలేదు. వేటపాలెందాకా కూడా వచ్చి, చిన్నమ్మ చేతిలో నన్ను అప్పగించి, "జాగ్రత్త" అన్నారు. చిన్నమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

రెండోరోజు ఎలాగైనా ఫోటో కొట్టాలని పట్టుదలగా వెళ్ళాను. అదే బెంచీ. అదే చుడీదార్, అదే గొడుగు. ఎండ ఎక్కేసరికి చేపలత్త నిండు బుట్టతో మా బెంచీల వైపే నడిచి వస్తోంది. ఫోను ఎత్తాను. రెండు అడుగులు... ఒక అడుగు... ఆవిడ బెంచీ పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళి ఇసుకలో బుట్ట దించింది. ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తా, బెంచీ మీద పెట్టొచ్చుగా? ఇసుక అంటదు."

"బెంచీ మీదా?" ఆవిడ కిళ్ళీ ఉమ్మేసి నా వంక జాలిగా చూసింది. "దీనిమీద పెడితే చేపకి ఎర్రమచ్చ అంటుద్ది. తుప్పు చేప ఎవరు కొంటారమ్మా? పోయిన్నెల్లో మా కోడలు తెలీక పెట్టింది, బుట్టెడు సావిడాయి చేపలు పారబోసుకున్నాం. ఈ బెంచీలొచ్చాక మా చేపలకే కాపలా కాసుకోవాల్సొస్తంది!"

చేపల వల్ల బెంచీ చెడుతుందని నేను వస్తే, బెంచీ వల్ల చేపలు చెడుతున్నాయని వాళ్ళు కాపలా కాస్తున్నారు. ఆ మాట మింగుడుపడక అలాగే కూర్చున్నాను. అప్పుడు వినపడింది. గరగర. నేను కూర్చున్న బెంచీ లోపలినుంచే. మళ్ళీ గరగర, గరగర. ఎవరో కిందనుంచి ఆకురాయితో రాస్తున్నట్టు. 'దొంగ దొరికాడు!' అనుకుని ఒక్కసారి వంగి బెంచీ కాలు దగ్గర మొహం పెట్టాను. కాలి గొట్టానికి బోల్టు ఊడిన రంధ్రం ఒకటి ఉంది. అందులోంచి ముందు రెండు కళ్ళు బయటికొచ్చాయి. ఆ తర్వాత ఎర్రటి డెక్క ఒకటి వచ్చి, నా ముక్కుకు బెత్తెడు దూరంలో తెరుచుకుంది.

ఎండ్రకాయ.

పెద్ద కేక పెట్టి లేచి పరుగెత్తాను. పరుగెత్తేటప్పుడు దిక్కు చూసుకోవాలని ఎవరికి తోస్తుంది? ఎదురుగా ఖాళీగా కనపడింది సముద్రమే. గొడుగు ఒకవైపు, చెప్పులు ఒకవైపు, నేను నేరుగా నీళ్ళవైపు.

"దూకుతోంది! దూకుతోంది! పట్టుకోండే!" అని చేపలత్త అరిచింది.

మాస్టారి ఈల సముద్రం అదిరిపోయేలా మోగింది. వలలు బాగుచేసుకునేవాళ్ళు వలలతో సహా లేచారు. నా వెనకనుంచి పదిమంది ఆడవాళ్ళు వచ్చి మీదపడ్డారు. ఒకావిడ నడుం పట్టుకుంది, ఒకావిడ జుట్టు పట్టుకుంది, చేపలత్త ఏకంగా నా వీపు మీద కూర్చుంది. నోటినిండా ఇసుక. నాకు ఆ స్థితిలో నిజం చెప్పడం తప్ప దారి లేకపోయింది.

"వదలండి! నేను వారంటీ! నేను వారంటీ నుంచి వచ్చాను!"

ఒక్క క్షణం అందరూ ఆగారు. నా వీపు మీదనుంచి చేపలత్త ఆయాసపడుతూ అడిగింది:

"గుంటూరన్నావుగా? వారంటీ యాడుందే?"

లేపి కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, ఇసుక తుడిచాక అంతా చెప్పాను. ఎవరు పంపారో, ఎందుకు పంపారో, చేప ఫోటో సంగతీ అన్నీ. మాస్టారు కర్ర మీద గడ్డం ఆనించి విన్నారు. నిన్న ఆయన మొహంలో ఉన్న మెత్తదనం మెల్లగా పోయింది. "అయితే నిన్న మీరు నాతో మాట్లాడిందంతా బెంచీ గురించా?" అన్నారు. 'అమ్మాయ్' కాస్తా 'మీరు' అయిపోయింది. వాళ్ళంతా పని మానుకుని రెండు రోజులు నా ప్రాణానికి కాపలా కాశారు. నేను అదే రెండు రోజులూ వాళ్ళ చేపలకు కాపలా కాశాను. అక్కడికక్కడే ఇసుకలో కూరుకుపోతే బాగుండుననిపించింది. పైపెచ్చు ఒక చిన్నపిల్ల నా వెనక చేరి కిసుక్కున నవ్వింది. చూసుకుంటే నా మీగడరంగు చుడీదార్ వెనకాల పైనుంచి కిందిదాకా, బెంచీ పట్టీలు ఎన్ని ఉన్నాయో అన్ని తుప్పుచారలు.

"బెంచీ తిరగెయ్యండి" అన్నాను. పౌరుషమో, సిగ్గో నాకే తెలియదు. వలలవాళ్ళు నలుగురు వచ్చి బెంచీని ఇసుకలోంచి పెరికి బోర్లా పడేశారు. నాలుగు కాళ్ళ అడుగునా గొట్టాలు బార్లా తెరిచి ఉన్నాయి. ఉండాల్సిన మూతలు లేవు. అసలు ఎప్పుడూ బిగించినట్టే లేదు. ఒక కాలిలోంచి తడి ఇసుక, ఎర్రటి నీళ్ళు, చెంచాడు చెంచాడు తుప్పుపెచ్చులు కారాయి. ఆ వెనకే రెండు ఎండ్రకాయలు చిరాకుగా దిగి పక్కకి నడిచిపోయాయి. లోపలికి ఫోన్ లైటు వేసి చూశాను. పైన మెరిసే ఆకుపచ్చ రంగు. లోపల పచ్చి ఇనుము. ఒక్క పూత కూడా లేదు. ఉప్పునీళ్ళు కిందనుంచి ఎక్కి లోపలే తినుకుంటూ వచ్చి, బయటి రంగును లోపలినుంచి పొక్కించాయి. ఇన్నాళ్ళూ నేను బయటివాళ్ళని వెతుకుతున్నాను. దొంగ మా షెడ్డులోనే పుట్టాడు. ఇంకో బెంచీ తిరగేయించాను, ఇంకోటి తిరగేయించాను. అన్నీ అంతే.

క్లాజుగారికి ఫోన్ చేసి చెప్పాను.

"ఎండ్రకాయల్ని లోపల పెట్టిందెవరు?" అన్నారు.

"ఎవరూ పెట్టలేదు సార్. వాటంతటవే వెళ్ళాయి."

"చూశావా! జంతువుల వల్ల కలిగే నష్టానికి మనం బాధ్యులం కాదు. క్లాజు ఉంది."

మాస్టారు వింటూనే ఉన్నారు. "ఎండ్రకాయ జంతువు కిందికి ఎట్లా వస్తుందండీ? రొయ్య జాతి అది" అన్నారు. నేను అదే ఫోనులో చెప్పాను. "అయితే పురుగుల క్లాజు చూస్తా" అన్నారు క్లాజుగారు. చేపలత్తకు ఒళ్ళు మండింది. "పురుగేంది? పులుసు పెడితే తినడా ఆ సారు?" అని ఫోను దగ్గరికి వచ్చి మరీ అరిచింది. ఆ అరుపు విన్నాక క్లాజుగారి గొంతు మారింది. "అమ్మాయ్, నువ్వు అక్కడ ఏమైనా తిన్నావా?" అని అడిగారు. తిన్నానని ఒప్పుకున్నాను. "అదీ సంగతి" అన్నారు. "రేపు నేనే వస్తున్నా. నేను వచ్చేదాకా రిపోర్టు రాయకు. ఏమీ తినకు."

ఆ రాత్రి చిన్నమ్మ ఇంట్లో నిద్ర పట్టలేదు. ఉన్నదున్నట్టు రిపోర్టు రాస్తే ఉద్యోగం పోతుంది. తమ్ముడు ఇంకా చదువుతున్నాడు. రాయకపోతే, నన్ను బతికించడానికి ఇసుకలో పడి మోకాళ్ళు చెక్కుకుపోయిన ఆడవాళ్ళ మొహాలు ఎలా చూడాలి? నాన్నకు ఫోన్ చేశాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు: "ఆ బెంచీ మీద నువ్వు కూర్చుంటావా తల్లీ?" చుడీదార్ నానబెట్టిన బకెట్లో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మర్నాడు కారు దిగిన క్లాజుగారు ఎప్పటిలాగే తళతళా తెల్లగా ఉన్నారు. చేతిలో భూతద్దం, అయస్కాంతం, చిన్న సుత్తి. వచ్చీ రాగానే "ఇవి మన బెంచీలు కావు" అన్నారు. ఊరివాళ్ళు అసలువి అమ్ముకుని నకిలీలు పెట్టారట. "బెంచీలకి కూడా డూప్లికేటా!" అని ఒకాయన నోరు తెరిచాడు. వెనకాల మా కంపెనీ ముద్ర చూపించాను. ముద్ర కూడా నకిలీ కావచ్చన్నారు. కాళ్ళలో మూతలు లేవని చూపించాను. దొంగిలించి ఉంటారన్నారు. "ఇసుకలో పాతిన కాలి మూత కోసం బెంచీ పెరికే దొంగ ఎవరండీ?" అన్నారు మాస్టారు. ఆయన మాస్టారిని భూతద్దంలోంచి చూశారు. ఎండ నెత్తికెక్కింది. క్లాజుగారి మొహం చెమటతో నిగనిగలాడుతోంది, కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నారు. చేపలత్త ఆయన్ని చూసి నిజంగానే జాలిపడింది.

"ఇంత దూరం వచ్చారు, నిలబడే ఉన్నారు. కూర్చోండి సారూ" అని బెంచీ చూపించింది.

క్లాజుగారు బెంచీ వంక చూశారు. తన ప్యాంటు వంక చూసుకున్నారు.

"ఫర్వాలేదు, నిలబడతా."

"కూర్చోండి సార్, మీ బెంచీయేగా" అన్నారు వలలవాళ్ళు.

"నాకు నడుం నొప్పి."

"నడుం నొప్పైతే కూర్చోవాలిగా?" అంది చేపలత్త.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు తన కండువా తీసి బెంచీ మీద పరవబోయి, ఏమనుకున్నారో మళ్ళీ మడిచి భుజాన వేసుకున్నారు. "వారంటీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీరు కూర్చోండి" అన్నారు నెమ్మదిగా. క్లాజుగారు కూర్చోలేదు. సముద్రం వైపు చూశారు, నావైపు చూశారు. నేను నా రిపోర్టు అప్పటికే రాసి సంతకం పెట్టేశానని, పొద్దున్నే యజమానికీ పంపేశానని చెప్పాను. అది ధైర్యం వల్ల కాదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

తప్పు మాదేనని క్లాజుగారు ఆ రోజూ ఒప్పుకోలేదు, ఆ తర్వాతా ఒప్పుకోలేదు. 'సంస్థ పేరును దృష్టిలో పెట్టుకుని సుహృద్భావంతో' బెంచీలన్నీ మారుస్తున్నామని యజమాని చేత ఉత్తరం రాయించారు. కొత్తవి వచ్చాయి. లోపలా బయటా జింకు పూత, కాళ్ళకు గట్టి మూతలు. నా ఉద్యోగం పోలేదు కానీ, అప్పట్నుంచీ క్లాజుగారు నన్ను బయటి ఊళ్ళకు పంపలేదు. పంపితే ఏం తినొస్తానో అని భయం. కొన్నాళ్ళకు నేనే మానేశాను. వారంటీ కాగితం వెనకవైపు మాత్రం కొత్త క్లాజు ఒకటి చేరిందని విన్నాను: 'నీటి జీవులు, ఉభయచరాలు.'

అయితే నేను చెప్పదలుచుకున్నది అది కాదు. ఆ రోజు వాడరేవు నుంచి బయల్దేరేటప్పుడు చేపలత్త నా సంచిలో కాగితంలో చుట్టి ఎండు నెత్తళ్ళు పెట్టింది. మాస్టారు మళ్ళీ 'అమ్మాయ్' అన్నారు. ఆటో కదలబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుని, ఎవరూ వినకుండా చెవి దగ్గరికి వంగింది.

"వారంటీ అనీ, ఎండ్రకాయ అనీ కథ బాగానే చెప్పావులే. వాళ్ళంతా నమ్మారు. నేను నమ్మలా. వాడెవడో నాకు తెలీదు కానీ, నీలాంటి పిల్లని ఏడిపించినోడు బాగుపడడు. మర్చిపో తల్లీ."

కాదని చెప్పబోయాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకున్నాను. ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. గుంటూర్లో పరుపుల కొట్టు నేనే చూసుకుంటున్నాను. ఇప్పటికీ ఎప్పుడైనా వాడరేవు నుంచి ఫోన్ వస్తుంది. చేపల ధర, మోకాళ్ళ నొప్పి, మనవరాలి చదువు అన్నీ అయ్యాక ఆవిడ గొంతు తగ్గించి అడుగుతుంది: "వాణ్ణి మర్చిపోయావామ్మా?"

లేని ఆ మనిషిని తలుచుకుని, నల్లకళ్ళద్దాలతో బెంచీ మీద నిటారుగా కూర్చున్న ఆ మీగడరంగు పిల్లని కూడా తలుచుకుని, "మర్చిపోయానత్తా, ఎప్పుడో మర్చిపోయాను" అంటాను.

అవతల ఆవిడ తృప్తిగా నిట్టూరుస్తుంది. నమ్మినట్టే ఉంటుంది.